మందు మారిపోతే తప్పెవరిది?

ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చిన రోగులతో నిండే వరంగల్ వార్డుల్లో సమ్మక్క, సారక్క, కొమురయ్య, ఐలయ్య అన్న పేర్లు ఒక్కరితో ఆగవు. పక్కపక్క మంచాల మీదే ఇద్దరు కొమురయ్యలు ఉండవచ్చు. సిరంజితో వచ్చిన సిస్టర్ "కొమురయ్యవు నువ్వేనా?" అని అడిగితే, సరిగా వినపడని పెద్దాయన తల ఊపేస్తాడు. జ్వరంతో మగతగా ఉన్నవాళ్లు ఎవరైనా ఊపేస్తారు. అందుకే "నీ పేరు చెప్పు తాతా" అని రోగి నోటితోనే పలికించాలని, ఆ పేరును, ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే ఐపీ నంబరును కేస్‌షీటుతో సరిచూడాలని నర్సింగ్ విద్యార్థులకు నేర్పుతున్నారు. మంచం నంబరును నమ్ముకోవద్దని కూడా చెబుతారు. రద్దీ రోజుల్లో ఒకే మంచం ఇద్దరికి సర్దే మన ఆసుపత్రుల్లో ఇది ప్రాణాలు కాపాడే జాగ్రత్త.

ఇలాంటి జాగ్రత్తలు ఒక్కరోజులో రాలేదు. ఆసుపత్రి చేయాల్సిన మొదటి పని రోగికి హాని చేయకుండా ఉండడమేనని ఫ్లోరెన్స్ నైటింగేల్ 1863లోనే రాశారు. అయితే ఆ తర్వాత వందేళ్లకు పైగా నర్సింగ్ బడుల్లో భద్రత అంటే నర్సు ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేయడమే. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం అన్న ఐదు సూత్రాలు మన విద్యార్థులు ఇప్పటికీ వల్లె వేస్తారు. అవి మంచి సూత్రాలే. కానీ ఏం జరగాలో చెబుతాయి తప్ప, అర్ధరాత్రి మసక వెలుతురులో, నాలుగు మంచాల వాళ్లు ఒకేసారి పిలుస్తున్నప్పుడు దాన్ని ఎలా సాధించాలో చెప్పవు. సూత్రం తప్పితే నర్సుకు మెమో వచ్చేది, అక్కడితో విచారణ ముగిసేది.

ఆ ఆలోచన కదిలింది 1990లలో. 1994లో అమెరికాలోని బోస్టన్‌లో పేరున్న క్యాన్సర్ ఆసుపత్రిలో, నాలుగు రోజులకు కలిపి ఇవ్వాల్సిన కీమో మోతాదును ఒక మహిళకు రోజూ ఇచ్చారు. ఆమె చనిపోయింది. రాసిన డాక్టరు, మందు సిద్ధం చేసిన ఫార్మసిస్టు, ఎక్కించిన నర్సులు, ఇంతమంది చేతులు దాటినా తప్పు బయటపడలేదు. ఒక్కరిని శిక్షిస్తే ఇది ఆగదని అప్పుడు చాలామందికి అర్థమైంది. 1999లో అక్కడి వైద్య నిపుణుల సంస్థ విడుదల చేసిన నివేదిక, వైద్య పొరపాట్ల వల్ల అమెరికా ఆసుపత్రుల్లో ఏటా 44,000 నుంచి 98,000 మంది చనిపోతున్నారని అంచనా వేసింది. అంకెల మీద వాదనలు నడిచాయి గానీ, అడిగే ప్రశ్న మాత్రం మారింది. ఎవరు చేశారన్న దానికి ముందు, చేయడానికి వీలెలా కలిగిందని అడగడం మొదలైంది.

ఆ ప్రశ్న అడిగితే కనిపించేవన్నీ చిన్న వస్తువులే. ఇన్సులిన్ సంగతి చూడండి. మన మందుల షాపుల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాలు, 100 యూనిట్ల సీసాలు రెండూ దొరుకుతాయి. సిరంజీలూ రెండు రకాలు: 40కి ఎర్ర మూత, 100కి నారింజ రంగు మూత. 100 యూనిట్ల సీసా నుంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే, రోగి ఒంట్లోకి వెళ్లేది 20 యూనిట్లు కాదు, 50. చక్కెర పడిపోయి మనిషి స్పృహ తప్పడానికి అది చాలు. ఇక కేస్‌షీటులో 10 అంకె పక్కన యూనిట్లకు గుర్తుగా ఇంగ్లిష్ 'యు' అక్షరం రాస్తే, అది సున్నాలా కనిపించి 100 అయిపోతుంది. యూనిట్లు అని పూర్తిగా రాయమనేది అందుకే.

పొటాషియం క్లోరైడ్ ఇంకా భయంకరం. చూడటానికి డిస్టిల్డ్ వాటర్ లాగే రంగు లేని ద్రవం, మందు ఉండే చిన్న సీసా, అంటే ఆంప్యూల్ కూడా పది మిల్లీలీటర్లదే. సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించాల్సిన ఈ మందును నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోతుంది. 1998లో అమెరికా ఆసుపత్రుల గుర్తింపు సంస్థ తన మొట్టమొదటి హెచ్చరికను దీని మీదే జారీ చేసింది. నర్సులను జాగ్రత్తగా ఉండమనడంతో సరిపెట్టక, ఆ ఆంప్యూళ్లను వార్డు అల్మారా నుంచే తీసేయమంది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అసలైన మలుపు అదే.

మన దగ్గరికి ఈ మార్పు ఆలస్యంగా వచ్చింది. మందుల పేర్లు అర్థమయ్యేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని వైద్య మండలి డాక్టర్లకు చెప్పింది 2016లో. రోగి భద్రతపై జాతీయ కార్యాచరణ పత్రం 2018లో వచ్చింది. భారత నర్సింగ్ మండలి 2021లో సవరించిన బీఎస్సీ సిలబస్‌లో ఇన్ఫెక్షన్ నియంత్రణతో కలిపి భద్రతను ఒక పాఠ్యాంశం చేసింది. తెలంగాణ నర్సింగ్ విద్యార్థుల బీఎస్సీ పరీక్షలు నడిపేది వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయమే కాబట్టి, ఆ పాఠం ఎంత గట్టిగా నేర్పాలన్నది ఈ ఊరి బాధ్యత కూడా.

పాఠం ఒక్కటే చాలదు. బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని నర్సింగ్ మండలే చెప్పింది. రాత్రి షిఫ్టులో ఒక్కరి మీద అంతకు ఎన్ని రెట్ల భారం పడుతుందో, ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక రాత్రి అటెండెంటుగా కూర్చున్నవారికి తెలుసు. నర్సు మీద అదనంగా పడే ఒక్కో రోగితో శస్త్రచికిత్స రోగుల మరణావకాశం 7 శాతం పెరుగుతున్నట్టు 2002లో అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం తేల్చింది. 2024 మొదట్లో రాష్ట్ర ప్రభుత్వం దాదాపు ఏడు వేల మంది నర్సింగ్ ఆఫీసర్లను నియమించడాన్ని అందుకే రోగి భద్రత చర్యగా కూడా చూడాలి.

అసలు చిక్కు భయం దగ్గరుంది. పొరపాటు జరిగితే, జరగబోయి తప్పితే ఇన్సిడెంట్ ఫారం నింపమంటారు. కానీ 2024 జులై నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్, నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే ఐదేళ్ల వరకు జైలు అంటుంది. వైద్య ప్రక్రియలో అయితే డాక్టర్లకు రెండేళ్లకు మించదు. ఆ సడలింపు నర్సులకు లేదు. ఒకే మంచం దగ్గర, ఒకే పొరపాటులో పాలున్న ఇద్దరికి చట్టం రెండు కొలతలు పెట్టింది. ఇది అన్యాయం. పైగా నర్సులు నోరు మూసుకుంటే ఎర్ర మూత సిరంజి కథ ఎవరికీ తెలియదు, మరుసటి రాత్రి మరో మంచం దగ్గర మళ్లీ జరుగుతుంది. సెక్షన్‌లోని సడలింపును నర్సులకూ వర్తింపజేయాలి. అది జరిగేలోగా, స్వయంగా రాసిచ్చిన ఫారాన్ని మెమోకు ఆధారంగా వాడబోమని ప్రతి ఆసుపత్రి సూపరింటెండెంటు నర్సులకు రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి.