ల్యాండ్‌స్కేప్ సలహాదారు చేసేదేమిటి? బెంగళూరు చెరువుల మీద అపోహలు - వాస్తవాలు

బెల్లందూరు, మారతహళ్ళి, కె.ఆర్. పురం, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్ సంఘాల్లో మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. చెరువు బాగుచేయిద్దాం, చెట్లు నాటిద్దాం అని అర్జీ పట్టుకుని ముందుకొచ్చేవాళ్ళలోనూ మనవాళ్ళు ఉంటారు. ఆ అర్జీ ప్రభుత్వ సంస్థకు చేరాక, స్థలం చూసి "ఇది చేయవచ్చు, ఇది వద్దు, ఇలా మారిస్తే మేలు" అని రాసిచ్చేది ల్యాండ్‌స్కేప్ సలహాదారు. ఈ పనిలో ఉన్న మాకు పదేపదే ఎదురయ్యే అభిప్రాయాలు ఇవి.

అపోహ: మంచి మొక్కలు ఎంచి, అందంగా అమర్చడమే ఈ పని.

వాస్తవం: మొక్కల జాబితా నివేదికలో చివరి పేజీకి వస్తుంది. మొదట తేల్చాల్సింది నీరు ఎటునుంచి వచ్చి ఎటు పోతోందన్నది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, నీటిని రెండు వైపులా పంచే మిట్ట మీద ఉంది. హెబ్బాళ, కోరమంగల-చల్లఘట్ట లోయల నీరు దక్షిణ పినాకినికి పోతుంది. వృషభావతి లోయ నీరు అర్కావతి మీదుగా కావేరిలో కలుస్తుంది. ఊరి మధ్యలో పెద్ద నది లేదు కాబట్టే పాతవాళ్ళు గొలుసుకట్టు చెరువులు తవ్వారు. పై చెరువు అలుగు (నిండాక అదనపు నీరు పొర్లిపోయే రాతికట్టు) పారితే ఆ నీరు రాజకాలువలో, అంటే చెరువులను కలిపే పెద్ద వాననీటి కాలువలో పడి కింది చెరువుకు చేరాలి. అందుకని ఒక్క చెరువుకు సలహా అడిగినా దాని పై చెరువూ, కింది చెరువూ చూడకుండా మేం ఏమీ రాయం.

ముందు రెవెన్యూ గ్రామపటం తెచ్చి ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద పరుస్తాం. పటంలో ఉన్న కాలువ గీత నేల మీద ఏ కాంపౌండు గోడ దగ్గర మాయమైందో అక్కడ బయటపడుతుంది. తర్వాత లెవెల్ సర్వే, అంటే ఎత్తుపల్లాలు కొలవడం. నాలుగు మట్టాలు కచ్చితంగా కావాలి: కట్ట పైభాగం, అలుగు, తూము (చెరువు నీటిని బయటికి వదిలే దారి) అడుగు, చెరువులోకి వచ్చే కాలువ అడుగు. ఈ నాలుగూ లేని డిజైన్ ఎంత అందంగా ఉన్నా తిప్పి పంపాల్సిందే.

ఎక్కువసార్లు జరిగే తప్పు ఒకటి చెప్పాలి. వేసవికి నీళ్ళు మిగలాలని అలుగు మీద ఒకటి రెండు వరసలు రాయి పేర్చి సిమెంటు పూస్తారు. పెరిగింది 20 సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. చెరువు ఎగువ అంచు మాత్రం చదునుగా ఉంటుంది. అక్కడ వాలు నూటికి ఒకటి అయితే నీటి అంచు 20 మీటర్లు వెనక్కి జరుగుతుంది. వచ్చే కాలువలో నీరు ఎగదన్ని, ఎగువ వీధుల సెల్లార్లలోకి చేరుతుంది. పైగా అలుగుకూ కట్ట పైభాగానికీ మధ్య ఉండాల్సిన ఎడం తగ్గి, పెద్ద వానకు నీరు కట్ట మీదుగా పొర్లే ప్రమాదం వస్తుంది. మట్టికట్ట మీదుగా నీరు పొర్లితే కోత పడి, గండి పడటానికి ఎంతోసేపు పట్టదు. 2022 సెప్టెంబరులో మహదేవపుర వైపు, అవుటర్ రింగ్ రోడ్డు పొడవునా నీళ్ళు నిలిచిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ పరిసరాల్లో చెరువు పని చేసేటప్పుడు అలుగు మట్టాన్ని అంగుళం కూడా ముట్టవద్దని మేం గట్టిగా రాస్తాం.

అపోహ: కట్ట మీద చెట్లు నాటితే వేళ్ళు మట్టిని పట్టి కట్ట బలపడుతుంది.

వాస్తవం: చిన్న గడ్డివేళ్ళు మట్టిని పడతాయి. మానుచెట్టు సంగతి వేరు. చెట్టు చనిపోయాక లావు వేళ్ళు కుళ్ళి లోపల గొట్టాల్లాంటి ఖాళీలు మిగులుతాయి. వాటి వెంట నీరు ఊరి, మట్టిని కొంచెం కొంచెంగా బయటికి లాక్కుపోతుంది. గాలివానకు చెట్టు వేళ్ళతో సహా ఒరిగితే కట్టలో పెద్ద ముక్కే లేచి వస్తుంది. అందుకే లోపలి వాలుకు రాతి పరుపు, బయటి వాలుకు గరిక, అవసరమైన చోట వట్టివేరు సరిపోతాయి. చెట్లు కావాలంటే కట్ట బయటి పాదానికి దూరంగా నాటుకోవాలి.

అలాగని ఇప్పటికే కట్ట మీద ఉన్న పెద్ద చెట్లను గబగబా కొట్టేయమని కాదు. కొట్టి మొద్దు వదిలేస్తే పైన చెప్పిన కుళ్ళు మొదలవుతుంది. ఒక్కొక్క చెట్టునూ ఇంజనీరుతో కలిసి చూడాలి. కట్ట పాదం దగ్గర చెమ్మ ఉందా, ఊట నీరు తేటగా వస్తోందా, మట్టితో బురదగా వస్తోందా అన్నది గమనించాలి. తేట నీరైతే కనిపెట్టుకుని ఉండొచ్చు. బురద నీరైతే అదే రోజు ఇంజనీరుకు కబురు చేయాలి.

అపోహ: పూడిక మొత్తం తీసి, ఒకే లోతు చేసి, చుట్టూ రాతి గోడ, నడకదారి వేస్తే చెరువు బాగుపడినట్టే.

వాస్తవం: దాని వల్ల మిగిలేది నీళ్ళ తొట్టి. గుడ్డికొంగ, ఉల్లంకి లాంటి పక్షులు కాళ్ళు మునిగేంత నీటిలోనే మేత వెతుకుతాయి. వాటికి 30 సెంటీమీటర్ల లోపు లోతున్న అంచు కావాలి. ఎగువ వైపు ఒడ్డును కనీసం ఆరుకు ఒకటి వాలుతో, చోటుంటే పదికి ఒకటి వాలుతో వదలమంటాం. ఆ అంచులోనే తుంగ, జమ్ము పెరిగి వచ్చే నీటిలోని మురుగును కొంత పీల్చుకుంటాయి. జమ్మును ఏటా కోసి బయట పారేయాలి. కోయకుండా వదిలేస్తే కుళ్ళి, అది పీల్చుకున్నదంతా మళ్ళీ నీటిలోకే వస్తుంది. జక్కూరు చెరువు చూడండి: శుద్ధి కేంద్రం నుంచి వచ్చిన నీరు ముందు ఇలాంటి తడినేల గుండా పోయి, ఆ తర్వాతే చెరువులో కలిసేలా ఏర్పాటు చేశారు.

నడకదారి కట్ట వైపు చాలు. ఎగువ అంచు మనుషులకు దూరంగా ఉండాలి. అక్కడ లైట్లు కూడా వద్దు. తీసిన పూడికను ఒడ్డు పొడవునా గట్టులా పోస్తే వాన నీరు చెరువులోకి రాకుండా ఆగిపోతుంది. దాన్ని ఎక్కడికి తరలిస్తారో అంచనా పత్రంలోనే రాయించాలి.

అపోహ: ఒక చెట్టు కొట్టినా పది నాటితే లెక్క సరి.

వాస్తవం: నీడ లెక్క కట్టి చూడండి. 10 మీటర్ల వెడల్పు గొడుగున్న చెట్టు దాదాపు 78 చదరపు మీటర్ల నీడనిస్తుంది. 60 సెంటీమీటర్ల గుబురున్న మొక్కలు పది కలిపినా 3 చదరపు మీటర్లు కూడా రాదు. ఆ పదీ బతికితేనే ఈ లెక్క. బతకాలంటే 60 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తీయాలి. మొక్క కనీసం ఒకటిన్నర మీటర్ల ఎత్తు ఉండాలి. సంచి పూర్తిగా తీసేసి, చుట్టుకుపోయిన వేళ్ళు కత్తిరించాలి. కాండం, వేరు కలిసే చోటు నేలమట్టానికే ఉండాలి, లోతుగా పాతితే కాండం మొదట్లో కుళ్ళుతుంది. మూడు వేసవులు వారానికోసారి 15 నుంచి 20 లీటర్లు పోయాలి. ఇనుప కంచె కాండానికి తగలకముందే తీసేయాలి. నీళ్ళు పోసే మనిషికి, ట్యాంకరుకు మూడేళ్ళ డబ్బు కేటాయించని నాటే పథకాన్ని ఆమోదించమని మేం చెప్పం, నాటే సంఖ్య తగ్గించమంటాం.

ఉన్న చెట్టును కాపాడటం అంతకన్నా చవక. ఛాతీ ఎత్తున, అంటే నేల నుంచి సుమారు 1.4 మీటర్ల దగ్గర, కాండం వ్యాసం కొలిచి 12తో గుణించండి. 50 సెంటీమీటర్ల కాండానికి 6 మీటర్లు వస్తుంది. అన్ని వైపులా ఆ దూరం లోపల కందకం తవ్వకూడదు, సిమెంటు పోయకూడదు, ఇసుక లారీ నిలపకూడదు. ఏప్రిల్, మే గాలివానలకు బెంగళూరులో కూలే చెట్లలో చాలావాటికి ఒక వైపు వేళ్ళు అంతకుముందే కేబుల్ కోసమో, మురుగు కాలువ కోసమో తెగి ఉంటాయి.

అపోహ: విదేశీ చెట్లన్నీ తీసేసి దేశీవి పెట్టాలి.

వాస్తవం: ఈ ఊరి వీధుల్లో పూసే జకరండా, టబెబుయా, నీడనిచ్చే నిద్రగన్నేరు అన్నీ బయటనుంచి వచ్చినవే. 1908లో లాల్‌బాగ్‌కు వచ్చిన జర్మన్ ఉద్యానవేత్త క్రుంబీగల్, ఒకటి పూత ముగిసేసరికి మరొకటి పూసేలా వీధుల్లో చెట్లు వేయించాడు. 1980లలో అటవీ అధికారి నేగిన్‌హాళ్ నగరమంతటా లక్షల మొక్కలు నాటించాడు. ఆరోగ్యంగా ఉన్న పాత చెట్టు ఏ దేశానిదైనా ఉండనివ్వాలి. కొత్తగా నాటేటప్పుడు మాత్రం ఇరుకు వీధుల్లో కొమ్మలు విరిగే తురాయి లాంటివి మానేసి, చెరువు దగ్గర తెల్లమద్ది, నేరేడు, కానుగ ఎంచుకోవడం మా అభిప్రాయం.

అపోహ: ఖాళీగా ఉన్న గడ్డినేల బీడు, అడవి పెంచితే మేలు.

వాస్తవం: బెంగళూరు శివారులోని హెసరఘట్ట గడ్డినేలనే తీసుకోండి. నేల మీద గూడు కట్టే భరతపక్షులకూ, చలికాలంలో వలస వచ్చే గద్దలకూ తెరపి కావాలి. అక్కడ చెట్లు నాటితే వాటి చోటు పోతుంది. చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కలు నాటే మియావాకీ పద్ధతి అలాంటి నేలకు అసలే తగదు.

అపోహ: సలహాదారు సంతకం పెడితే అనుమతి వచ్చినట్టే.

వాస్తవం: మేం సలహా మాత్రమే ఇస్తాం. చెట్టు కొట్టడానికి అనుమతి 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం కింద ట్రీ ఆఫీసరు ఇవ్వాలి. 50కి మించి చెట్లైతే ముందు ప్రజల అభ్యంతరాలు పిలవాలి. అధికారి నిర్ణయం వేరేలా ఉన్నప్పుడు కూడా పనికొచ్చేలా రాయడమే మా నైపుణ్యం. "వీలైనంత వరకు పచ్చదనం కాపాడాలి" అనే వాక్యాన్ని ఏ కాంట్రాక్టరూ ఉల్లంఘించలేడు, ఎందుకంటే అందులో కొలవడానికి ఏమీ లేదు. "అలుగు మట్టం మారరాదు, పని ముందూ తర్వాతా లెవెల్ చూపాలి", "ఎగువ ఒడ్డు 200 మీటర్ల మేర కంచె, దారి, దీపం లేకుండా ఉండాలి" అని రాస్తే సైట్ ఇంజనీరు టేపుతో చూడగలడు. ఫొటోలు కూడా గుర్తు పెట్టిన ఐదారు చోట్ల నుంచే, అదే దిశలో, వాన ముందోసారి, వాన తర్వాతోసారి తీయాలి.

అపోహ: అటవీశాఖ చదువు ఉంటేనే ఈ పనికి రావచ్చు.

వాస్తవం: ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్, సివిల్, వృక్షశాస్త్రం, జీవావరణం, భూగోళం ఏది చదివినా రావచ్చు. లెవెల్ యంత్రం వాడటం, క్యూజీఐఎస్ అనే కంప్యూటర్ పటాల సాఫ్ట్‌వేర్‌లో పటాలు పరచడం, చెట్టును ఆకు రాలినప్పుడు కూడా గుర్తుపట్టడం నేర్చుకోవాలి. బెంగళూరులో గ్రామపటాలు, పహాణీలు కన్నడలో ఉంటాయి కాబట్టి కన్నడ చదవడం తప్పనిసరి. తెలుగు లిపి వచ్చినవాళ్ళకు అది కొద్ది వారాల పని. సర్వే నంబరు పక్కన రాసిన "కెరె" (చెరువు), "కాలువె" (కాలువ), "ఖరాబు" (సాగుకు లెక్కకట్టని నేల) మాటలు చదవగలిగితే, ఆ స్థలం చెరువుదా కాదా అన్న వాదనలో సగం పటం దగ్గరే తేలుతుంది.