‘ఆస్క్’ ఎందుకు ‘ఆక్స్’ అవుతుంది?

ఇంగ్లిష్‌లో ‘అడుగు’ అనడానికి ఆస్క్ అనే చిన్న మాట ఉంది. దాన్ని ఆక్స్ అని పలికేవాళ్లు అమెరికాలో, కరీబియన్ దీవుల్లో, బ్రిటన్‌లో ఎంతోమంది ఉన్నారు. “నిన్నొకటి ఆక్స్ చేయొచ్చా?” అని ఎవరైనా అంటే, “అడిగితే చాలు, గొడ్డలి ఎత్తకు” అని ఆటపట్టించడం అక్కడ పాత అలవాటు. గొడ్డలిని ఇంగ్లిష్‌లో ఆక్స్ అంటారు మరి.

నవ్వు రావడం సహజమే. అయితే ఈ ‘తప్పు’ వయసు వెయ్యేళ్లు దాటింది. ప్రాచీన ఇంగ్లిష్‌లో ఈ క్రియకు ఆస్కియన్, ఆక్సియన్ అని రెండు రూపాలూ ఉండేవి. 14వ శతాబ్దపు మహాకవి చాసర్ రాతల్లో ఆక్స్ కనిపిస్తుంది. 1535లో మైల్స్ కవర్‌డేల్ పూర్తి బైబిల్‌ను మొదటిసారి ఇంగ్లిష్‌లో అచ్చు వేయించినప్పుడు, “అడుగుడి మీకియ్యబడును” అన్న వాక్యంలో వాడిన క్రియ కూడా ఆక్సే. తర్వాత ఆస్క్ ప్రామాణికమైంది. ఆక్స్ ప్రాంతీయ మాండలికాల్లో బతికి, వలస వెళ్లినవాళ్లతో పాటు సముద్రం దాటింది. ఇప్పుడు ఆక్స్ అంటున్నవాళ్లు కొత్తగా ఏదీ పాడుచేయలేదు, పెద్దల నుంచి వచ్చిన రూపాన్నే పలుకుతున్నారు.

ఇంతకీ స, క ఎందుకు స్థానాలు మార్చుకుంటాయి? ‘స్’ అనేది బుసలాంటి శబ్దం. దాని శక్తంతా పై స్థాయి పౌనఃపున్యాల్లో ఉంటుంది కాబట్టి మిగతా మాట నుంచి కాస్త విడిపోయినట్టు వినిపిస్తుంది. పక్కనే క్, ప్ లాంటి క్షణంలో ముగిసిపోయే హల్లు ఉంటే, బుస ముందా, ఆ హల్లు ముందా అన్నది చెవికి తేల్చుకోవడం కష్టం. పిల్లలు తాము విన్న వరసలోనే నేర్చుకుంటారు. కందిరీగకు ఇంగ్లిష్‌లో వాస్ప్ అని పేరు. ప్రాచీన ఇంగ్లిష్‌లో అది వాప్స్ అని కూడా ఉండేది. ఇక్కడ మార్పు ఎదురు దిశలో జరిగి, అదే ఇవాళ సరైన రూపమైంది!

దీన్ని వర్ణవ్యత్యయం అంటారు. ఇంగ్లిష్‌లో పక్షిని బర్డ్ అంటున్నారంటే, ఒకప్పుడు అది బ్రిడ్. గుర్రం హార్స్ కాకముందు హ్రాస్. మూడు త్రీ అయినప్పుడు మూడోది థర్డ్ ఎందుకైందో ఎప్పుడైనా ఆలోచించారా? అది మొదట థ్రిడ్డే. ‘ర’ ఒక అడుగు వెనక్కి జరిగింది, అంతే.

ఈ ఆటలో మన తెలుగు ఇంకా ముందుంది. తమిళంలో ఇరండు అంటే మనకు రెండు. వాళ్ల ఉరల్ మన రోలు. పాత ద్రావిడ మాటల్లో మొదట ఉన్న అచ్చు, దాని తర్వాతి హల్లు చోటు మార్చుకోవడం వల్ల తెలుగులో ఇలాంటి మాటలు పుట్టాయి. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో వెలువడిన తన పరిశోధన గ్రంథంలో ఈ మార్పును శాస్త్రీయంగా వివరించారు. రెండు అన్న మాటను మొదటిసారి ఎవరో పలికినప్పుడు చుట్టుపక్కలవాళ్లు నవ్వే ఉంటారని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇక ఫిల్మ్ సంగతి. ‘ల్’, ‘మ్’ రెండూ అంటుకుని ఉంటే చాలామందికి నోరు తిరగదు. ఐర్లండ్‌లో ఫిలమ్ అంటారు. ఐరిష్ భాషలో ఇలాంటి హల్లుల మధ్య చిన్న అచ్చును చేర్చడం మామూలే, ఆ అలవాటు వాళ్ల ఇంగ్లిష్‌లోకీ వచ్చింది. మనం ఏకంగా ఫిలిం అని రాసుకుంటాం. మన వ్యాకరణాల్లో దీనికి స్వరభక్తి అని చక్కటి పేరుంది. స్పానిష్ వాళ్లు స్కూల్‌ను ఎస్కూల్ అంటారు, ఎందుకంటే వాళ్ల భాషలో మాట ‘స్క్’తో మొదలు కాదు. ఒక్క గుక్కలో పలికే స్ట్రైక్ అనే మాటను జపనీయులు సుతోరైకు అని సాగదీస్తారు. బస్, పెన్ మన నోట్లో బస్సు, పెన్ను అయ్యాయంటే, అచ్చుతో ముగియని మాట తెలుగుకు సుఖంగా ఉండదు కాబట్టే.

అయితే ఇదంతా నాలుక చేసే పనేనా? నాకు ఈ విషయం మీద ఇష్టం పెరగడానికి కారణమైన ప్రయోగం ఒకటి ఉంది. ఎమాన్యుయెల్ డుపూ అనే ఫ్రెంచ్ పరిశోధకుడి బృందం 1999లో దాన్ని ప్రచురించింది. ఎబుజో అనే అర్థంలేని మాటను తీసుకుని, మధ్యలోని ‘ఉ’ను కొంచెం కొంచెంగా తగ్గిస్తూ చివరికి ఎబ్జో దాకా తెచ్చి వినిపించారు. ‘ఉ’ పూర్తిగా పోయిందని ఫ్రెంచ్ వాళ్లు పసిగట్టారు. జపనీయుల్లో ఎక్కువమందికి అసలు లేని ‘ఉ’ వినిపిస్తూనే ఉంది! అంటే తేడా నోటి దాకా రాకముందే, వినడంలోనే మొదలైంది. మాతృభాషలో ఉండలేని వరస చెవిన పడితే, మెదడు తనకు తెలిసిన వరసగా దాన్ని సర్దుకుంటుంది.

ఈ సర్దుబాటు చాలా చిన్న వయసులోనే మొదలవుతుంది. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధనలో, ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్లలో పుట్టిన పసిపిల్లలు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో హిందీలోని ట, త తేడాను గుర్తుపట్టారు. ఏడాది నిండే సమయానికి ఆ శక్తి చాలావరకు తగ్గిపోయింది. వాళ్ల భాషకు ఆ తేడాతో పని లేదు మరి. టాటా, తాత మనకు ఎంత వేరుగా వినిపిస్తాయో తలుచుకుంటే, ఎంత పెద్ద తేడా వాళ్ల చెవికి మరుగున పడుతుందో తెలుస్తుంది. మనకూ అలాంటి మరుగు ఉంది. ఇంగ్లిష్‌లో పై పంటిని కింది పెదవికి ఆనించి పలికే ‘వ’ వేరు, పెదవులు గుండ్రంగా చేసి పలికే ‘వ’ వేరు. మనకు రెండూ ఒకటే, అందుకే చొక్కా లోపలి వెస్ట్, పడమర దిక్కు వెస్ట్ ఒకేలా పలుకుతాం.

అన్ని పొరపాట్లూ చెవివే కావు. న్యూక్లియర్‌ను న్యూక్యులర్ అన్నవాళ్లలో ఐసెన్‌హోవర్, జార్జ్ డబ్ల్యూ బుష్ లాంటి అమెరికా అధ్యక్షులున్నారు. అణ్వాయుధాల మీద ఆఖరి నిర్ణయం చేతిలో ఉన్నవాళ్లు ఆ మాటను అలా పలకడం దశాబ్దాల పాటు హాస్యానికి సరుకైంది. ఆ పలుకుబడికి బలమైన కారణమే ఉంది. సర్క్యులర్, పర్టిక్యులర్, మాలిక్యులర్, మస్క్యులర్ అంటూ ‘క్యులర్’తో ముగిసే మాటలు ఇంగ్లిష్‌లో బోలెడు, ‘క్లియర్’తో ముగిసేవి అరుదు. ఒంటరి మాటను గుంపు తనవైపు లాక్కుంది. ఫిబ్రవరికి ఇంగ్లిష్‌లో రెండు ‘ర’లున్నా చాలామంది మొదటిదాన్ని వదిలేసి ఫెబ్యువరీ అంటారు. ఒకే ధ్వని వెంటవెంటనే రావడం కష్టం, పైగా జాన్యువరీ పక్కనే ఉంది.

స్పెల్లింగ్ చేసే మోసం వేరు. అప్పును ఇంగ్లిష్‌లో డెట్ అంటారు, దాని మధ్యలో ‘బి’ అక్షరం ఉంటుంది కానీ పలకం. ఫ్రెంచ్ నుంచి వచ్చినప్పుడు అది లేనే లేదు. లాటిన్ మూలాన్ని గుర్తుచేయాలని పండితులు తర్వాత ఇరికించారు. చూసింది చూసినట్టు డెబ్ట్ అని చదివినవాడిది తప్పంటే నేను ఒప్పుకోను.

నవ్వు నవ్వుతో ఆగిపోతే బాధ లేదు. జాన్ బా అనే భాషాశాస్త్రవేత్త, మరో ఇద్దరు 1999లో ప్రచురించిన పరిశోధన చూడండి. బా ఒక్కడే శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలోని ఇంటి యజమానులకు మూడు యాసల్లో ఫోన్లు చేసి అద్దె ఇల్లు చూడటానికి రమ్మంటారా అని అడిగాడు. శ్వేతజాతీయులు ఎక్కువగా ఉండే పేటల్లో, నల్లజాతి యాసలోనూ మెక్సికన్ మూలాలున్న అమెరికన్ల యాసలోనూ అడిగినప్పుడు రమ్మన్నవాళ్లు బాగా తగ్గిపోయారు. మనిషి ఒకడే, అడిగిన విషయం ఒకటే. అదే పరిశోధనలో ఒక్క ‘హలో’ మాత్రమే వినిపిస్తే, అది ఏ యాసో ఎక్కువమంది శ్రోతలు సరిగ్గానే పోల్చుకున్నారు.