రోగి ఇంట్లో విన్న మాట: ఒక గ్రీకు ప్రమాణం వెనుక కథ

2022 ఏప్రిల్ చివరలో మదురై ప్రభుత్వ వైద్య కళాశాలలో కొత్తగా చేరిన విద్యార్థులు తెల్లకోట్లు వేసుకుని ప్రమాణం చేశారు. ఏటా జరిగేదే. ఆ ఏడు మాత్రం ప్రాచీన గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పేరు మీదున్న ప్రమాణానికి బదులు, మన ఆయుర్వేద గ్రంథం చరక సంహిత పేరు మీదున్న మహర్షి చరక శపథం చదివారు. తమిళనాడు ప్రభుత్వం డీన్‌ను పదవి నుంచి తప్పించింది, కొద్ది రోజులకే తిరిగి నియమించింది. అంతకు నెల ముందు, మార్చి 31న, జాతీయ వైద్య కమిషన్ తన మార్గదర్శకాల్లో చరక శపథాన్ని సిఫార్సు చేసి ఉంది. పరాయి గ్రీకు ప్రమాణం మనకెందుకని కొందరు, సంస్కృత సంప్రదాయాన్ని రుద్దుతున్నారని కొందరు వాదించుకున్నారు. ఆ రెండు పాఠాల్లో అసలు ఏముందో విప్పి చూపినవాళ్లు తక్కువ.

హిప్పోక్రటీస్ క్రీస్తుపూర్వం 460 ప్రాంతంలో, నేటి టర్కీ తీరానికి దగ్గరగా ఉన్న కోస్ దీవిలో పుట్టాడు. రుసుము తీసుకుని వైద్యం నేర్పేవాడని ప్లేటో రచనల వల్ల తెలుస్తుంది. ఆయన పేరు మీద సుమారు 60 గ్రంథాలున్నాయి. వాటిలో ఏది ఆయన స్వయంగా రాశాడో పండితులు నేటికీ తేల్చలేదు. ప్రమాణం సంగతీ అంతే.

వైద్యదేవుడు అపోలో, అస్క్లీపియస్, హైజియా, పానకేయల సాక్షిగా అది మొదలవుతుంది. హైజియా ఆరోగ్య దేవత. పరిశుభ్రతకు ఇంగ్లీషులో వాడే హైజీన్ అనే మాట ఆమె పేరు నుంచే వచ్చింది. ఆ తరువాత గురువు ప్రస్తావన: విద్య నేర్పినవాణ్ని కన్నవాళ్లతో సమానంగా చూసుకుంటాను, నా సంపాదనలో ఆయనకు భాగమిస్తాను, ఆయన కొడుకులకు రుసుము పుచ్చుకోకుండా నేర్పుతాను. మన గురుకులాల కట్టుబాట్లు చదువుతున్నట్టే ఉంటుంది. అడిగినా ఎవరికీ ప్రాణం తీసే మందు ఇవ్వను, గర్భం పోయే మందు పెట్టను అని మరో రెండు ఒట్లు. మూత్రకోశంలో రాళ్లతో బాధపడేవాళ్ల మీద సైతం కత్తి పెట్టను, ఆ పని తెలిసినవాళ్లకే వదిలేస్తాను అని ఇంకొకటి. ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టు పాటిస్తే ఈనాటి ఆసుపత్రిలో సగం విభాగాలు మూతపడతాయి. అందుకే నేటి కళాశాలల్లో చదివేది చాలా వరకు మార్చి రాసిన పాఠం.

ఆ పాత పాఠంలో నన్ను పట్టి నిలిపేది చివరి భాగం. ఆ కాలపు గ్రీకు వైద్యుడు ఊరూరా తిరిగేవాడు. ముక్కూమొహం తెలియని ఇళ్లలోకి, స్త్రీలు ఉండే గదుల్లోకి నేరుగా వెళ్లేవాడు. అందుకే ఈ మాట: ఏ ఇంట్లో అడుగుపెట్టినా రోగి మేలు కోసమే పెడతాను, ఆ ఇంట్లో స్త్రీల జోలికి గాని పురుషుల జోలికి గాని పోను, వాళ్లు స్వతంత్రులైనా బానిసలైనా సరే. బానిసను యజమాని ఆస్తిగా లెక్కించిన సమాజంలో పుట్టిన వాక్యం ఇది. బానిస శరీరానికీ మర్యాద ఉందని వైద్యుడి చేత ఒట్టు వేయించింది. ఆ వెంటనే మరొకటి: చికిత్సలో గాని బయట గాని నేను చూసినదీ విన్నదీ, బయటికి పొక్కకూడనిదైతే, నాలోనే దాచుకుంటాను.

ఈ ప్రమాణం గ్రీసు నుంచి ఒక్క యూరప్‌కే వెళ్లలేదు. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ అనే క్రైస్తవ వైద్యుడు దీన్ని అరబిక్ ప్రపంచానికి అందించాడు. హిప్పోక్రటీస్ అక్కడ బుఖ్రాత్ అయ్యాడు. శరీరంలో రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అనే నాలుగు ధాతువులున్నాయనే గ్రీకు సిద్ధాంతం దమ్, బల్గమ్, సఫ్రా, సౌదా అనే పేర్లతో భారతదేశానికి వచ్చి యునానీ వైద్యమైంది. యునానీ అంటేనే గ్రీకు అని అర్థం. ఆ మాటా, మన యవన అనే మాటా అయోనియా అనే ఒకే పాత గ్రీకు ప్రాంతం పేరు నుంచి పుట్టాయి. హైదరాబాద్‌లో చార్మినార్ పక్కనే ఉన్న నిజామియా ఆసుపత్రిలో నేటికీ నడుస్తున్నది ఆ వైద్యమే. గ్రీకు వైద్యం మనకు పరాయిదని వాదించేవాళ్లు ఒక్కసారి అటువైపు వెళ్లి చూడాలి.

యూరప్‌లో 1508లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో వైద్య విద్యార్థుల చేత ఈ ప్రమాణం చేయించారు. అయితే దీనికి ప్రపంచవ్యాప్త ప్రాణం పోసింది ఒక ఘోరం. నాజీ నిర్బంధ శిబిరాల్లో ఖైదీల మీద జరిగిన ప్రయోగాలకు, ఇతర నేరాలకు 1946 డిసెంబరులో న్యూరెంబర్గ్‌లో 23 మందిని విచారణకు నిలబెట్టారు. వారిలో అత్యధికులు వైద్యులే. ఏడుగురికి ఉరిశిక్ష పడింది. ఆ తీర్పు వచ్చిన మరుసటి ఏడాదే, 1948లో, ప్రపంచ వైద్య సంఘం జెనీవాలో కొత్త ప్రమాణం రాసుకుంది. దేవతలు పోయారు. బెదిరింపు ఎదురైనా నా వైద్య జ్ఞానాన్ని మానవత్వానికి విరుద్ధంగా వాడను అనే వాక్యం చేరింది. 2017లో రోగి స్వేచ్ఛను గౌరవిస్తాననే మాటా కలిసింది. మన దేశంలో 2002 నాటి వైద్యుల ప్రవర్తన నియమావళిలో ఉన్నది ఈ జెనీవా పాఠాన్ని అనుసరించిన ప్రతిజ్ఞే.

ఇక చరక సంహిత. అందులో విమానస్థానం అనే భాగం ఎనిమిదో అధ్యాయంలో అగ్ని సాక్షిగా గురువు శిష్యుడికి చేసే ఉపదేశం ఉంది. రాజు ద్వేషించేవాళ్లకు వైద్యం చేయవద్దని, భర్తగాని సంరక్షకుడుగాని తోడు లేని స్త్రీకి చికిత్స చేయవద్దని అందులో ఉంది. ఇవీ నేటికి పనికిరావు. కానీ రోగి ఇంట్లోకి తెలిసిన మనిషి వెంట, తల వంచుకుని వెళ్లమంటాడు. మాట, మనసు, ఇంద్రియాలు రోగి మీదే ఉంచమంటాడు. ఆ ఇంటి గుట్టు బయట పెట్టవద్దంటాడు. కోస్ దీవి వైద్యుడి ఒట్టూ ఇదే.

1998లో ఈ ఒట్టు మన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒక వ్యక్తికి హెచ్‌ఐవీ ఉందన్న సంగతి ఆసుపత్రి ద్వారా బయటపడింది, కుదిరిన పెళ్లి ఆగిపోయింది. గుట్టు కాపాడలేదని ఆయన కేసు వేశాడు. హిప్పోక్రటీస్ ప్రమాణానికి చట్టబలం లేదని కోర్టు చెప్పింది. గోప్యత వైద్యుడి బాధ్యతే అయినా, మరో మనిషి ఆరోగ్యానికి ముప్పు ఉన్నప్పుడు దానికి మినహాయింపు ఉంటుందని ఆయన వాదనను తోసిపుచ్చింది. 2018లో అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ చట్టం సమ్మతి లేకుండా ఆ వివరం వెల్లడించడాన్ని నిషేధించింది. భాగస్వామికి ముప్పు ఉన్నప్పుడు వైద్యుడు ఏయే షరతులతో చెప్పవచ్చో కూడా రాసింది. ఆ చట్టంలోని సెక్షన్లన్నీ కలిసి తేల్చడానికి ప్రయత్నిస్తున్నది, రెండు వేల ఏళ్ల కిందట ఆ గ్రీకు వాక్యం వైద్యుడి విచక్షణకు వదిలేసిన ఆ చిన్న మాటనే: 'బయటికి పొక్కకూడనిదైతే'.