స్టాక్స్ పాటలకు ఇద్దరు యజమానులు ఎలా వచ్చారు?

అమెరికాలోని మెంఫిస్‌లో పుట్టిన స్టాక్స్ రికార్డ్స్ అనే సంగీత కంపెనీ పాటలు ఇవాళ రెండు కంపెనీల చేతుల్లో ఉన్నాయి. 1968 మే దాకా వచ్చినవి దాదాపు అన్నీ వార్నర్ వాళ్ళవి, తర్వాతివి కాంకర్డ్ వాళ్ళవి. ఓటిస్ రెడింగ్ పాటలు ఒకరి ఆస్తి, ఐజాక్ హేస్ పెద్ద హిట్లు ఇంకొకరి ఆస్తి. ఇద్దరూ పాడింది ఒకే కంపెనీకి. మధ్యలో ఈ గీత గీసింది 1965లో పెట్టిన ఒక సంతకం.

లేబుల్ పెట్టినవాడు జిమ్ స్టీవార్ట్. పగలు బ్యాంకు ఉద్యోగం, ఖాళీ ఉంటే ఫిడేలు. 1957లో శాటిలైట్ అనే పేరుతో మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది అక్క ఎస్టెల్ యాక్స్‌టన్ తన ఇల్లు తాకట్టు పెట్టి రికార్డింగ్ మిషన్ కొనిచ్చింది. ఆ పేరుతో ఇంకో కంపెనీ ఉందని తెలిశాక, 1961లో ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిపి స్టాక్స్ అన్నారు.

మెక్‌లెమోర్ అవెన్యూలో మూతపడ్డ సినిమా హాలు ఒకటి అద్దెకు తీసుకున్నారు. నెలకు 150 డాలర్లు. కుర్చీలు పీకేశారు గానీ తెరవైపు వాలుగా ఉన్న నేలను చదును చేయించడానికి డబ్బుల్లేవు, అలాగే వదిలేశారు. స్టాక్స్ రికార్డుల్లో వినిపించే ఆ బరువైన, లోతైన శబ్దానికి ఆ వాలు నేల కూడా ఒక కారణమంటారు. ఇంటర్వెల్లో తినుబండారాలు అమ్మిన కౌంటర్‌లో ఎస్టెల్ రికార్డుల షాపు పెట్టింది. పేటలోని నల్లజాతి పిల్లలు అక్కడికి వచ్చి పాటలు వినేవాళ్ళు. కొత్త రికార్డు వేసి, వాళ్ళ కాళ్ళు ఆడుతున్నాయో లేదో ఆమె చూసేది. ఎదుటి కిరాణా కొట్టులో పనిచేసే డేవిడ్ పోర్టర్ పాటల రచయిత అయ్యాడు. అతను క్లాసులోంచి లాక్కొచ్చిన హైస్కూలు కుర్రాడు బుకర్ టి. జోన్స్, స్టాక్స్ ఆస్థాన బృందానికే పేరిచ్చాడు. బేస్ గిటారిస్టు డక్ డన్ చేరాక ఆ బృందంలో ఇద్దరు నల్లవాళ్ళు, ఇద్దరు తెల్లవాళ్ళు. బయట ఊళ్ళో రంగును బట్టి మనుషుల్ని వేరుచేస్తున్న రోజులవి. స్టాక్స్ గురించి ఇంకేం మరిచిపోయినా ఈ ఒక్కటి మరిచిపోకూడదు.

1960లో రూఫస్, కార్లా థామస్ అనే తండ్రీకూతుళ్ళ పాట స్థానికంగా ఆడింది. న్యూయార్క్‌లోని అట్లాంటిక్ రికార్డ్స్ నుంచి జెర్రీ వెక్స్‌లర్ కబురుపెట్టాడు. దేశమంతా పంపిణీ వాళ్ళది, పాట తయారీ వీళ్ళది. ఐదేళ్ళు నోటిమాట మీదే నడిచింది. 1965లో కాగితం మీద పెడదామన్నది స్టీవార్టే. వెక్స్‌లర్ ఎప్పుడైనా అట్లాంటిక్ వదిలితే ఏమవుతామోనన్నది అతని దిగులు. ఆ దిగులుకు మందు ఒప్పందంలో ఉంది. దాంతోపాటే, అట్లాంటిక్ పంపిణీ చేసిన రికార్డుల మాస్టర్లన్నీ (అసలు టేపులన్నీ) అట్లాంటిక్‌కే చెందుతాయన్న షరతు కూడా ఉంది. స్నేహాన్ని నమ్మి, కాగితం పూర్తిగా చదవకుండానే స్టీవార్ట్ సంతకం చేశాడు.

1967లో అట్లాంటిక్‌ను వార్నర్ కొనేసింది. ఆ డిసెంబర్ 10న విమానం మంచుసరస్సులో కూలి ఓటిస్ రెడింగ్ చనిపోయాడు. అతని వెంట ఉన్న బార్-కేస్ బృందంలో ఆ ప్రమాదం నుంచి బతికి బయటపడ్డది బెన్ కాలీ ఒక్కడే. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపింది కూడా మెంఫిస్‌లోనే, స్టాక్స్ వాళ్ళు కూర్చుని పాటలు కట్టుకునే లొరెయిన్ మోటెల్లో. అదే సమయంలో కొత్త యజమానులతో బేరం కుదరక విడిపోదామనుకున్న స్టీవార్ట్‌కు ఆ షరతు సంగతి తెలిసింది. ఎనిమిదేళ్ళ పాటలు పోయాయి. అట్లాంటిక్ నుంచి అరువుగా వచ్చిన గాయకుల జంట శామ్ అండ్ డేవ్ కూడా వెనక్కి వెళ్ళిపోయారు. ఆ షరతు తనకూ తెలియదని, వకీళ్ళు రాసిందని వెక్స్‌లర్ తర్వాత చెప్పాడు. తెలియకపోయినా టేపులు మాత్రం వెనక్కి రాలేదు.

అమ్ముకోవడానికి పాత పాటల్లేని లేబుల్‌ను స్టాక్స్ నిర్వాహకుల్లో ఒకడైన ఆల్ బెల్ మళ్ళీ నిలబెట్టాడు. 1969లో ఒక్కసారిగా 27 ఆల్బమ్‌లు విడుదల చేయించాడు. వాటిలో ఐజాక్ హేస్‌ది దేశాన్ని ఊపేసింది. 1972 ఆగస్టు 20న లాస్ ఏంజెలెస్ స్టేడియంలో వాట్‌స్టాక్స్ కచేరీకి లక్షమందికి పైగా వచ్చారు, టికెట్టు ఒక్క డాలర్. అదే ఏడాది పంపిణీని సీబీఎస్ అనే పెద్ద రికార్డు కంపెనీకి ఇచ్చారు. సీబీఎస్ తరఫున ఒప్పందం కుదిర్చిన క్లైవ్ డేవిస్‌ను ఆ కంపెనీ 1973లో తీసేసింది. దాంతో ఆర్డర్లు తగ్గాయి, రికార్డులు షాపులకు చేరడం మానేశాయి. బ్యాంకు అప్పు మెడకు చుట్టుకుంది. 1975 డిసెంబర్లో దివాలా కేసు పడి తాళాలు వేశారు. కంపెనీని కాపాడాలని సొంత ఆస్తి పెట్టిన స్టీవార్ట్ చివరికి ఇల్లు కూడా పోగొట్టుకున్నాడు.

1977లో మిగిలిన పాటలను ఫాంటసీ అనే కంపెనీ కొంది. 2004లో ఫాంటసీని కాంకర్డ్ కొంది. సినిమా హాలు ఒక చర్చికి పది డాలర్లకు వెళ్ళింది, 1989లో కూల్చేశారు. 2003లో అదే స్థలంలో హాలును మళ్ళీ కట్టి మ్యూజియం తెరిచారు. లోపలి స్టూడియోలో నేలను ఈసారి కావాలనే వాలుగా పోశారు.