బ్యాగేజీ ఎక్కడిది? అపోహలు - వాస్తవాలు

నేను ఫ్రెంచి పాఠాలు చెబుతాను, అనువాదాలు చేస్తాను. మా తరగతిలో ఎప్పుడూ చర్చకు వచ్చే మాట ‘బగాజ్’. అంటే సామాను. ఇంగ్లిషులో అది బ్యాగేజ్, ఇటాలియన్‌లో బగాల్యో, పోర్చుగీసులో బగాజెం, తుర్కీలో బగాజ్, ఇండోనేషియాలో బగాసి. ఇన్ని ఊళ్లు తిరిగిన మాట కాబట్టి దాని మీద అపోహలూ ఎక్కువే.

అపోహ: ఇంగ్లిషువాళ్లు బ్యాగ్‌కు ‘ఏజ్’ చేర్చి బ్యాగేజ్ తయారుచేసుకున్నారు.

వాస్తవం: తర్కానికి బాగానే ఉంది, చరిత్ర మాత్రం వేరు. బ్యాగ్ అనే మాట 13వ శతాబ్దం నాటికే ఇంగ్లిషులో ఉంది, అది ఉత్తర ఐరోపాలోని పాత భాష నార్స్ సొత్తు. బ్యాగేజ్ 15వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి కట్టిన మూట కట్టినట్టే వచ్చింది. ఎక్కడో వెనకతరాల్లో రెండింటికీ చుట్టరికం ఉంటే ఉండొచ్చు. ఇంగ్లండులో మాత్రం ఒకదాని నుంచి ఇంకోటి పుట్టలేదు.

అప్పుడు ఈ మాటను వాడింది యాత్రికుల కన్నా సైనికులే ఎక్కువ. దండు వెనక బళ్ల మీద వచ్చే గుడారాలు, వంటపాత్రలు, తిండిగింజలు, అదంతా బగాజ్. ముట్టడిలో లొంగిపోయిన కోట సైన్యాన్ని గౌరవంగా వదిలేస్తే, వాళ్లు మూటాముల్లెతో సహా బయటికి నడిచేవారు. ‘బ్యాగ్ అండ్ బ్యాగేజ్’ అనే పలుకుబడి ఆ సందర్భంలోంచే వచ్చింది. ఫ్రెంచిలో ఈనాటికీ ‘ప్లియే బగాజ్’ అంటారు. మాటకు మాట చెబితే ‘సామాను మడవడం’. అనువాదంలో అది ఎదురైతే నేను క్షణం ఆలోచించకుండా ‘తట్టాబుట్టా సర్దుకోవడం’ అని రాస్తాను. ఇంత చక్కగా అతికే జోడీ అనువాదకుడికి అరుదుగా దొరుకుతుంది.

అపోహ: లగేజ్ కూడా ఫ్రెంచి మాటే.

వాస్తవం: ‘ఏజ్’ అనే తోక మాత్రమే ఫ్రెంచిది. ‘లగ్’ అంటే బరువును ఈడ్చడం. బ్యాగేజ్‌ను చూసి 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లిషువాళ్లే అల్లుకున్న మాట అది.

అపోహ: మాట ఒకటే కాబట్టి ఎక్కడైనా అర్థం ఒకటే.

వాస్తవం: దీన్ని నమ్మితే ఇబ్బంది పడతారు. ఇస్తాంబుల్ విమానాశ్రయంలో ‘బగాజ్ అలం’ అన్న బోర్డు చూసి వెళ్తే మీ పెట్టె దొరుకుతుంది. కానీ అదే ఊళ్లో టాక్సీవాడు బగాజ్ అన్నాడంటే కారు డిక్కీ గురించి కావచ్చు. ఇండోనేషియాలో బగాసికీ ఈ రెండర్థాలూ ఉన్నాయి. అసలు ఫ్రెంచివాళ్లు డిక్కీని బగాజ్ అనరు, ‘కోఫ్ర్’ అంటారు. ఆ కోఫ్ర్ జర్మనీ వెళ్లి ‘కోఫర్’గా మారి సూట్‌కేసు అయింది.

చదువుకు జర్మనీ వెళ్లే మన పిల్లలకు ఇది తప్పకుండా చెబుతాను: మీ సామాన్లను ‘బగాజె’ అనకండి, ‘గెపెక్’ అనండి. జర్మన్‌లోకి కూడా ఈ మాట సైన్యాలతోనే వెళ్లింది. దండు సామాన్ల వెంట బండివాళ్లు, చిల్లర వర్తకులు, సైనికుల ఆడవాళ్లు, పిల్లలు నడిచేవారు. సామాను పేరు ఆ మనుషులకు అంటుకుంది. ఇప్పుడక్కడ బగాజె అంటే అలగా మూక. పేదవాళ్ల మీద పడ్డ ఆ చిన్నచూపు మాటలో అలాగే మిగిలిపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

స్పెయిన్‌లో ఇంకో మలుపు. అక్కడ ప్రయాణ సామాను ‘ఎకిపాహె’. అదీ ఫ్రెంచి మాటే, ‘ఎకిపాజ్’. ఫ్రెంచిలో ఇప్పుడు దానర్థం ఓడ, విమాన సిబ్బంది. బగాజ్‌కు స్పానిష్ రూపమైన ‘బగాహె’ ఎక్కువగా మనిషి వెంట ఉండే చదువు, సంస్కారాలకు వాడతారు.

అపోహ: యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది కదా, బ్యాగేజీ తెలుగులోకి అక్కడి నుంచే వచ్చి ఉంటుంది.

వాస్తవం: గోదావరి జిల్లాల విద్యార్థులు ఇష్టంగా చెప్పే మాట ఇది. కాదనాలంటే నాకూ మనసొప్పదు. కానీ దారి ఏదో మాటలోని ధ్వనులే చెబుతాయి. ఫ్రెంచి బగాజ్ చివరి ధ్వని మన ‘జ’ కాదు. ‘ష’ అంటూనే గొంతు మోగించి చూడండి, అదీ. తుర్కీవాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు తీసుకున్నారు, గరాజ్‌ను (మన గ్యారేజీ) కూడా అలాగే. ఇండోనేషియావాళ్లకు రెండూ డచ్చివాళ్ల ద్వారా అంది బగాసి, గరాసి అయ్యాయి.

ఇప్పుడు మన మాట పలకండి. ‘బ్యా’ ఇంగ్లిషు నోటిది, ఫ్రెంచిలో అక్కడ ‘బ’ మాత్రమే ఉంది. ‘గే’ ఇంగ్లిషు స్పెల్లింగుది, ఇంగ్లిషువాళ్లు దాన్ని ‘గిజ్’ అని పలుకుతారు, మనం రాసింది రాసినట్టు చదువుకున్నాం. చివరి ‘ఈ’ మాత్రం మనదే, కాలేజీకీ గ్యారేజీకీ ప్యాకేజీకీ తగిలించినదే.