ట్రెడ్‌మిల్ మీద తువ్వాళ్లు ఆరేస్తున్నారా? ముందు గదిని చూడండి

కొన్న రెండు నెలలకే యంత్రం దండెంగా మారితే తప్పంతా బద్ధకానిదే అంటారు. చాలాసార్లు గదిదే.

అపోహ: ఏసీ ఉందిగా, గాలికి లోటేముంది?

స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, ఉన్నదాన్నే తిప్పి చల్లబరుస్తుంది. ఊరికే కూర్చున్న మనిషి గంటకు 15-20 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదిలితే, గట్టిగా సైకిల్ తొక్కేవారు 100 లీటర్లు దాటిస్తారు. 10×12 అడుగుల గది, 9 అడుగుల కప్పు, అన్నీ బిగించి ఉంటే ఒక్కరు తొక్కినా అరగంటలో గదిలోని ఆ వాయువు 400 చిల్లర పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు ఇన్ని పాళ్లని లెక్క) కాస్తా 2,000కు చేరుతుంది. అది విషమేం కాదు, గాలి మారడం లేదనడానికి గుర్తు. తల బరువెక్కడం, విసుగు పుట్టడం అక్కడే మొదలు.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్నా, లోపలికి గాలి వచ్చే దారి లేకపోతే అది పేరుకే తిరుగుతుంది. ఎదురు కిటికీ నాలుగు వేళ్ల సందు తెరిచి, అక్కడ టిష్యూ పేపర్ పట్టుకోండి. లోపలివైపు వాలితే సరే.

అపోహ: చెమట ఎంత కారితే అంత మంచిది.

ఒంటిని చల్లబరిచేది ఆరిన చెమటే, కారినది కాదు. బయట గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పరిగెడితే అంత ఎదురుగాలి ఉచితంగా దొరుకుతుంది. ట్రెడ్‌మిల్ మీద సున్నా. అందుకే అదే వేగం ఇక్కడ భారంగా, చిరాగ్గా ఉంటుంది. విశాఖ, కాకినాడల ఉక్కలో మరీను. టేబుల్ ఫ్యాన్‌ను ఐదారు అడుగుల దూరంలో, గాలి ఛాతీకి తగిలేలా పెట్టండి. ముఖానికి పెడితే కళ్లు మండుతాయి.

అపోహ: నాలుగువైపులా అద్దాలుంటే హుషారు.

అలవాటైనవారికి కావచ్చు. 2003లో వెలువడిన ఒక కెనడా అధ్యయనంలో, వ్యాయామం అలవాటులేని మహిళలు అద్దం ముందు సైకిల్ తొక్కాక, అద్దం లేనిచోట తొక్కినవారంత ఉల్లాసంగా లేరు. స్క్వాట్ల దగ్గర అద్దం ఉండాల్సిందే, భంగిమ దిద్దుకోవాలి. సైకిళ్ల ముందు మాత్రం కిటికీ మేలు.

అపోహ: సౌండ్ పెంచితే ఊపొస్తుంది.

ఊపు తెచ్చేది లయ, నచ్చిన పాట. అదీ ఓ మోస్తరు శ్రమ వరకే. రొప్పు పెరిగాక పాట ప్రభావం తగ్గిపోతుంది. చేతికందే దూరంలో ఉన్నవారితో అరిచి మాట్లాడాల్సి వస్తే శబ్దం 85 డెసిబెల్స్ దాటినట్టే. 100 దగ్గరైతే చెవులకు 15 నిమిషాలే హద్దు.

గోడల రంగు గురించి అడుగుతుంటారు. ఎరుపో నీలమో, ఆ డబ్బు ఫ్యాన్‌కు పెట్టండి.