ఈస్ట్ చావలేదు, పిండికి చలేసింది: క్రిస్మస్ బ్రెడ్ల మీద అపోహలు - వాస్తవాలు

డిసెంబర్ రెండో వారం వచ్చిందంటే హన్మకొండ, కాజీపేట వైపు, క్రిస్మస్‌కు జడ, నక్షత్రం, దండ ఆకారాల్లో బ్రెడ్లు చేసేవాళ్ల నుంచి ఒకటే ప్రశ్న. "గంటన్నర అయింది, పిండి పొంగలేదు. ఈస్ట్ చచ్చిపోయినట్టుంది. పారేసి మళ్లీ కలపాలా?" అరకిలో మైదా, వెన్న, పాలు, ముంచుకొస్తున్న పండుగ. ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. దయచేసి పారేయకండి.

అపోహ: గంటలో రెట్టింపు కాకపోతే ఈస్ట్ పనిచేయనట్టే.

వాస్తవం: వీడియోల్లో చెప్పే ఆ గంట 26-28 డిగ్రీల వంటింటి లెక్క. మన దగ్గర డిసెంబర్ రాత్రి చలి 15 డిగ్రీల దాకా, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతుంది. బండ గట్టు మీద పెట్టిన స్టీలు గిన్నె ఇంకా చల్లబడుతుంది. వంటింట్లో 20 డిగ్రీలుంటే అదే పిండికి రెండు, రెండున్నర గంటలు కావాలి. చలికాలం ఇడ్లీ పిండి పొద్దుటికి పులవకపోతే ఇంకాసేపు ఆగుతాం గానీ పారబోయం కదా!

అసలు నష్టం కంగారులో చేసే పనుల వల్లే. పొగలు కక్కే పాలు పోస్తారు. 55-60 డిగ్రీల దగ్గర ఈస్ట్ నిజంగానే చస్తుంది. పాలు 35-38 డిగ్రీలుంటే చాలు. మణికట్టు మీద చుక్క వేస్తే వేడిగానూ చల్లగానూ అనిపించకూడదు. ఇంకొందరు ఈస్ట్ రెట్టింపు వేస్తారు. పిండి ఉరుకులు పరుగుల మీద పొంగి, కల్లు వాసన కొట్టి, ఓవెన్లో చుట్టిన మెలికలన్నీ చెదిరిపోతాయి. పొయ్యి పక్కన పెట్టినా అంతే: 32 డిగ్రీలు దాటితే వెన్న కరిగి బయటికొస్తుంది, ఆ జిడ్డుకు పేర్చిన పొరలు ఒకదాని మీంచి ఒకటి జారతాయి. ఆపేసిన ఓవెన్లో లైటు మాత్రం వేసి, కింద ఒక గిన్నె వేడినీళ్లు పెట్టి తలుపు మూయండి, సరిపోతుంది.

కొలత: మైదా 500 గ్రాములు, పాలు 220 మి.లీ., గుడ్డు 1, చక్కెర 60 గ్రాములు, మెత్తటి వెన్న 60 గ్రాములు, ఉప్పు 8 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 7 గ్రాములు. వెన్న మొదట్లోనే వేయకండి; పిండి ముద్దయ్యాక కొంచెం కొంచెంగా కలుపుతూ 10-12 నిమిషాలు పిసకాలి. తర్వాత నిమ్మకాయంత ముద్ద తీసి నిటారు గాజు గ్లాసులో అదిమి, పైమట్టం దగ్గర రబ్బరు బ్యాండు వేసి, పెద్ద గిన్నె పక్కనే పెట్టండి. గ్లాసులో రెట్టింపు ఎత్తుకు వచ్చినప్పుడే గిన్నెలోదీ సిద్ధం. గడియారం చూడక్కర్లేదు.

ఆకారం చెడితే చాలామంది "నా చేతికి రాదు" అనేస్తారు. సకినాలు చుట్టే చేతికి మూడు పాయల జడ ఒక లెక్కా! తప్పు చేతిది కాదు, ఆకారం చుట్టాక వచ్చే రెండో పొంగుది. చుట్టిన బ్రెడ్ అంచు మీద పిండి అద్దిన వేలితో అర సెంటీమీటరు లోతు నొక్కండి. గుంట వెంటనే పూడిపోతే ఇంకా ఆగాలి. తొందరపడి ఓవెన్లో పెడితే మెలికల దగ్గర పగులుతుంది. మెల్లగా సగం పూడి చిన్న సొట్ట మిగిలితే అదే అదను. అసలు పూడకపోతే పొంగు మించింది, కాలేటప్పుడు చప్పబడి మెలికలు కలిసిపోతాయి. మన చలిలో ఈ రెండో పొంగుకు 60-90 నిమిషాలు. స్వీడన్‌లో డిసెంబర్ 13న చేసే కుంకుమపువ్వు లుస్సెకాటర్ లాంటి చిన్న చుట్టలు ఇంకా ముందే సిద్ధమవుతాయి, వాటిని గమనిస్తూ ఉండాలి.

నక్షత్రం ఆకారపు బ్రెడ్‌కు పిండిని నాలుగు భాగాలు చేసి, ఒక్కోటి 25 సెంటీమీటర్ల వెడల్పు వత్తాలి. వత్తుతుంటే వెనక్కి ముడుచుకుంటే పది నిమిషాలు వదిలేయండి, దారికొస్తుంది. మధ్యలో వెన్న, చక్కెర, దాల్చినచెక్క ముద్ద పల్చగా పూసి, అంచు ఒక సెంటీమీటరు వదిలి, నాలుగూ ఒకదానిపై ఒకటి పేర్చండి. కారే జామ్ వద్దు, కోసిన చోటల్లా బయటికొస్తుంది. 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే కత్తి శుభ్రంగా దిగుతుంది. నడుమ చిన్న గ్లాసు బోర్లించి, దాని అంచు నుంచి 16 పాయలు కోయండి. పక్కపక్క పాయలను రెండేసి పట్టుకుని, చెరో వైపు రెండుసార్లు మెలిపెట్టి, కొసలు గట్టిగా నొక్కితే ఎనిమిది మొనలు. దండ ఆకారమైతే జడ వదులుగా అల్లి, మధ్యలో నూనె రాసిన స్టీలు కటోరా పెట్టండి. లేకపోతే రంధ్రం పూడిపోతుంది.

మిగతావి టూకీగా. ఉప్పు తగిలితే ఈస్ట్ చస్తుందా? మైదాలో కలిపాక ఏమీ కాదు. విదేశీ పిండి కావాలా? మామూలు మైదా చాలు, బాగా పిసకాలి, అంతే. గుడ్డు తినరా? బదులు 50 మి.లీ. పాలు ఎక్కువ పోయండి, పైన పాలే పూయండి. ఏది పూసినా కోతల సందుల్లోకి దిగనివ్వకండి, అక్కడ అతుక్కుని పొంగు ఆగిపోతుంది.

పైన ఎర్రబడితే కాలినట్టేనన్నది కూడా తప్పే. పాలు, చక్కెర ఉన్న పిండి తొందరగా రంగెక్కుతుంది, నడుమ పచ్చిగానే ఉంటుంది. ఓటీజీని (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) 180 డిగ్రీల్లో పదిహేను నిమిషాలు వేడి చేసి, కింది అరలో 22-28 నిమిషాలు కాల్చండి. రంగు ముందే వస్తే పైన ఫాయిల్ కప్పండి. నడుమ 90 డిగ్రీలు చూపిస్తే అయినట్టు. థర్మామీటర్ లేకపోతే నడుమ పుల్ల గుచ్చి చూడండి, తడి పిండి అంటకూడదు.

పండుగ పొద్దున హడావుడి వద్దనుకుంటే, 24న సాయంత్రం కలిపి గంట బయట ఉంచి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టి ఫాతిమానగర్ కథీడ్రల్‌లో అర్ధరాత్రి దివ్యబలిపూజకు నిశ్చింతగా వెళ్లిరండి. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఉండొచ్చు. పొద్దున చల్లగా ఉండగానే చుట్టేయండి. రెండో పొంగుకు మాత్రం గంటన్నర, రెండు గంటలు వదలండి.